ఇంద్రజాలికుణ్ణి పిలిచే ముందు: బెంగళూరు ఈవెంట్ నిర్వాహకులకు ఒక బహిరంగ లేఖ

బెంగళూరు నగరంలో పుట్టినరోజు వేడుకలు, కంపెనీల వార్షికోత్సవాలు, అపార్ట్‌మెంట్లలో ఉగాది, సంక్రాంతి సంబరాలు నిర్వహిస్తున్న ఈవెంట్ మేనేజర్లకు, హెచ్‌ఆర్ విభాగాల అధికారులకు, సాంస్కృతిక కమిటీల సభ్యులకు,

విషయం: ఇంద్రజాల, మెంటలిజం ప్రదర్శనలకు సంబంధించిన ఒప్పందాలు, చెల్లింపులు, ప్రేక్షకుల గౌరవం, భద్రత.

అయ్యా, అమ్మా,

నమస్కారం. నేను ఈ నగరంలో ఇంద్రజాలాన్నీ, ఎదుటివారి మనసులోని మాటను కనిపెట్టినట్టు చూపే మెంటలిజాన్నీ వృత్తిగా చేసుకుని బతుకుతున్న తెలుగువాణ్ణి. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి, సర్జాపుర రోడ్డు, ఎలక్ట్రానిక్ సిటీ ప్రాంతాల్లోని తెలుగు కుటుంబాల వేడుకల్లోనూ, ఐటీ కంపెనీల సభల్లోనూ ప్రదర్శనలు ఇస్తుంటాను. మీరు ఇచ్చే పనితోనే మా ఇళ్ళు గడుస్తున్నాయి, ఆ కృతజ్ఞత మాకు ఉంది. అయితే గత ఏడాది మేము కొందరు కళాకారులం కలిసి, మా ఇబ్బందులు వివరిస్తూ సంతకాలు చేసిన వినతిపత్రాన్ని, మాకు తరచుగా పని ఇచ్చే నిర్వాహక సంస్థలకు పంపాము. ఒకరిద్దరు ఫోనులో ‘చూద్దాం’ అన్నారు. మిగిలినవారి నుంచి జవాబే రాలేదు. అందువల్ల అప్పుడు మీకు మాత్రమే చెప్పిన విషయాలను ఇప్పుడు అందరి ముందూ ఉంచుతున్నాను.

ఇది కళాకారుల కూలికి మాత్రమే సంబంధించిన గొడవ అని దయచేసి అనుకోవద్దు. ప్రదర్శన చెడిపోతే డబ్బు పెట్టిన కుటుంబం నష్టపోతుంది, వేదిక మీదికి పిలిచిన ఉద్యోగి నలుగురిలో చిన్నబోతాడు, ముందు వరుసలో కూర్చున్న పిల్లలు ప్రమాదంలో పడే సందర్భాలూ ఉన్నాయి. వీటన్నిటికీ మూలం రెండు లోపాలు: కుదుర్చుకున్న మాట కాగితం మీదికి రాకపోవడం, మా పనికి ఏమి కావాలో ముందుగా ఎవరూ అడగకపోవడం.

1. మొదట చెల్లింపుల సంగతి. పిల్లల పుట్టినరోజు చేసే కుటుంబం చాలాసార్లు వేడుకకు ముందే ప్యాకేజీ మొత్తాన్ని కట్టేస్తుంది. ఆ డబ్బు ఈవెంట్ సంస్థ నుంచి కళాకారులను కుదిర్చే మధ్యవర్తికీ, అతని దగ్గర నుంచి మాకూ చేరాలి. మా చేతికి ముందుగా వచ్చేది ఒక చిన్న అడ్వాన్సు. మిగతాది షో అవగానే ఇస్తామంటారు. షో అయిన రాత్రి అడిగితే క్లయింట్ ఇంకా ఇవ్వలేదనే జవాబు వస్తుంది. పూర్తి సొమ్ము కట్టేసిన ఆ ఇంటి యజమాని అదే సమయంలో మాకు భోజనం వడ్డిస్తూ ఉంటాడు. అదే రాత్రి నేను నా సహాయకుడికి కూలీ, సామగ్రి తెచ్చిన టెంపో డ్రైవరుకు బాడుగ ఇవ్వాలి. క్లయింట్ ఇవ్వలేదన్న మాట నేను వాళ్ళతో అనలేను.

కంపెనీల ప్రదర్శనల్లో ఈ ఆలస్యం నెలలకు నెలలు సాగుతుంది. ఒక నిర్వాహక సంస్థ, దాని పేరు ఇక్కడ రాయదలచుకోలేదు, ఒక కంపెనీ ఫ్యామిలీ డే కోసం దసరాకు ముందు మా బృందాన్ని పిలిచి, పారితోషికాన్ని సంక్రాంతి దాటాక ఇచ్చింది. అప్పుడు కూడా జనం పలచగా వచ్చారన్న కారణం చూపి కొంత కోసుకుంది. జనాన్ని రప్పించే పూచీ మేము తీసుకోలేదు. కానీ రాసుకున్న ఒప్పందమే లేనందువల్ల ఆ సంగతి రుజువు చేసే దారి మాకు లేకపోయింది. ఇంకొన్నిచోట్ల టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే పన్ను) అని చెప్పి పారితోషికంలో కొంత మినహాయిస్తారు, ఆ మొత్తం మాత్రం మా పన్ను ఖాతాలో ఎప్పటికీ కనిపించదు.

ఈ విషయంలో చట్టం స్పష్టంగానే ఉంది. సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల అభివృద్ధి చట్టం, 2006 ప్రకారం, ఉద్యమ్ అనే ప్రభుత్వ నమోదు ఉన్న సూక్ష్మ లేదా చిన్న సంస్థ నుంచి సేవ పొందినవారు, రాతపూర్వక ఒప్పందం ఉంటే అందులోని గడువులోగా, ఆ గడువు ఏ పరిస్థితిలోనూ 45 రోజులు మించకుండా, ఒప్పందం లేకపోతే 15 రోజుల్లోగా డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల వడ్డీని నెలనెలా చక్రవడ్డీగా లెక్కగట్టి ఇవ్వాలి. 2024-25 మదింపు సంవత్సరం నుంచి అమల్లోకి వచ్చిన ఆదాయపు పన్ను నియమం ప్రకారం, ఈ గడువు దాటిన బకాయిని కంపెనీ వాస్తవంగా చెల్లించిన ఏడాదిలోనే ఖర్చుగా చూపుకోగలదు. మాలో కొందరికి ఉద్యమ్ నమోదు ఉంది. అది ఉచితం కనుక మిగిలినవారిని కూడా చేయించుకోమని చెబుతున్నాను. ఫిర్యాదు చేయడానికి ఫెసిలిటేషన్ కౌన్సిల్ ఉన్నా, వచ్చే సీజన్‌లో పిలుపులు ఆగిపోతాయన్న భయంతో నాకు తెలిసిన కళాకారుల్లో ఎవరూ అక్కడికి వెళ్ళలేదు. ఆ భయం ఉన్నంతకాలం చట్టం పుస్తకంలోనే ఉంటుంది.

2. బ్రోచర్‌లో ఒకరి ఫొటో చూపించి, వేడుకకు మరొకరిని పంపడం ఈ నగరంలో మామూలైపోయింది. అనుభవజ్ఞుడైన కళాకారుడి వీడియో చూసి ముచ్చటపడి డబ్బు కట్టిన తల్లిదండ్రుల ఇంటికి, ఆ ఉదయమే తక్కువ పారితోషికానికి కుదిరిన, పిల్లల ముందు ఇంకా నిలదొక్కుకోని కుర్రవాడు వస్తాడు. అతడి తప్పేమీ లేదు, అతడికీ పని కావాలి. కానీ ఆ కుటుంబం మోసపోయింది, ఫొటోలో ఉన్న కళాకారుడి పేరు చెడింది, ఆ కుర్రవాడు తాను చేయలేని పనికి మాట పడ్డాడు. మార్పు తప్పనిసరి అయితే ఆ సంగతి కుటుంబానికి ముందుగా చెప్పి, వారి ఒప్పుకోలు తీసుకోవడానికి ఒక్క ఫోన్ కాల్ చాలు.

3. ప్రదర్శనకు తగిన ఏర్పాట్లు లేకపోవడం గురించి కొంత వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ దురుద్దేశం కన్నా తెలియకపోవడమే ఎక్కువ. మేజిక్ షో అన్న ఒక్క మాటతో బుకింగ్ జరుగుతుంది గాని, అందులో కనీసం నాలుగు రకాల పనులు ఉన్నాయి. అతిథుల బల్లల దగ్గరికి వెళ్ళి, నలుగురైదుగురి మధ్య పేకముక్కలతో, నాణేలతో చేసే వాక్ అరౌండ్‌కు వేదిక అక్కర్లేదు, మైకు అక్కర్లేదు. పెళ్ళి రిసెప్షన్‌కు, కొత్త ఆఫీసు ప్రారంభానికి అది బాగా నప్పుతుంది. పిల్లల షోకు నేల మీద పరచిన జంపఖానా, ముప్పావుగంటకు మించని నిడివి, వయసుకు తగిన అంశాలు కావాలి. మూడేళ్ళ పిల్లలకు నచ్చేది పదేళ్ళవారికి నచ్చదు. పెద్ద సామగ్రితో చేసే స్టేజ్ షోకు లోతైన వేదిక, వెనుక తెర, సామగ్రి అమర్చుకోవడానికి గంటకు తక్కువ కాని సమయం, పరాయివారు రాని గది కావాలి. మెంటలిజం ప్రదర్శనకు అన్నిటికన్నా ముందు నిశ్శబ్దం కావాలి. వేదిక మీదికి వచ్చిన ప్రేక్షకుడు తలచుకున్న మాట ఏమిటో, అతడు ఏ పదంతో జవాబిచ్చాడో చివరి వరుసకు వినిపించకపోతే అక్కడ జరిగిందేమిటో సగం మందికి అర్థం కాదు.

వాస్తవంలో జరిగేది ఇది. అతిథులు వేదికకు మూడు వైపులా, కొన్నిసార్లు వెనుక కూడా కూర్చుంటారు. ఇంద్రజాలంలో ప్రతి అంశానికీ చూడవలసిన కోణం ఒకటి ఉంటుంది, ఆ కోణం తప్పితే ఏళ్ళ తరబడి సాధన చేసినది క్షణంలో బయటపడుతుంది. వెనుక ఎల్ఈడీ వాల్ పూర్తి వెలుగుతో మండుతూ ఉంటే ముందున్న మనిషి చేతులు నల్లగా మాత్రమే కనిపిస్తాయి. రెండు చేతులతో చేసే పనికి హెడ్‌సెట్ మైకో కాలర్ మైకో కావాలని వారం ముందు చెప్పినా, ఆ సమయానికి యాంకర్ చేతిలోని మైకు తెచ్చి ఇస్తారు. షో మొదలవగానే బఫే తెరుస్తారు. వంటవాణ్ణి పిలిచి పొయ్యి ఇవ్వకపోతే భోజనం బాగాలేదని అతణ్ణి ఎవరూ తిట్టరు గాని, ఇక్కడ మాత్రం మాట పడేది మేమే.

సమయం గురించి కూడా చెప్పాలి. ఏడు గంటలకని కుదిరిన ప్రదర్శన, కేక్ కోయడం, నృత్యాలు, బహుమతులు, ప్రసంగాలు అన్నీ ముగిశాక తొమ్మిదిన్నరకు మొదలవుతుంది. శబ్ద కాలుష్య నియంత్రణ నిబంధనలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడరాదు. అపార్ట్‌మెంట్ ఆవరణలో జరిగే ఉగాది వేడుకలో పది కొట్టగానే కమిటీవారు వచ్చి మైకు ఆపించడం న్యాయమే. అయితే గంట ప్రదర్శనకు డబ్బు కట్టిన కుటుంబాలు అరగంట చూసి వెళ్ళిపోతాయి, నిద్రకు తూగుతున్న చిన్నపిల్లలు అదీ చూడరు.

4. ఇది నా మనసును అన్నిటికన్నా ఎక్కువ బాధిస్తున్న విషయం. మెంటలిజం ప్రదర్శనల పోస్టర్ల మీద నిర్వాహకులు ‘అతీంద్రియ శక్తి’, ‘మీ భవిష్యత్తు చెప్పే మహానుభావుడు’ వంటి మాటలు అచ్చు వేయిస్తున్నారు. మేము చేసేది వినోదం. అందులో మనస్తత్వ పరిశీలన ఉంటుంది, జ్ఞాపకశక్తి ఉంటుంది, మాటతో ఎదుటివారి ఎంపికను మలచడం ఉంటుంది, హస్తలాఘవం ఉంటుంది, ముందస్తు సన్నాహం ఉంటుంది. ఒక వ్యక్తి తలచుకున్న దిశకు అతడి కండరాలు అతడికే తెలియకుండా సూక్ష్మంగా కదులుతాయి. ఈ అప్రయత్న చలనాన్ని 1852లోనే విలియం కార్పెంటర్ అనే ఆంగ్ల శరీరధర్మ శాస్త్రవేత్త వివరించాడు. చేయి పట్టుకుని దాచిన వస్తువును కనిపెట్టే అంశానికి ఆధారం అదే. వీటిలో దైవశక్తి ఏదీ లేదు.

అబద్ధపు ప్రచారం వల్ల ఏమవుతుందో మీరు చూడరు, ఎందుకంటే షో అవగానే మీరు వెళ్ళిపోతారు. మేము సామగ్రి సర్దుకుంటుండగా జనం వస్తారు. బిడ్డ పెళ్ళి ఎప్పుడవుతుందో చెప్పమంటారు. పోయిన నగలు ఎవరు తీశారో చెప్పమని, ఇంట్లో పనిచేసే మనిషి పేరు ఒకటి మా ముందు పెడతారు. ఆ క్షణంలో నేను అవునన్నట్టు తల ఊపితే ఆ పనిమనిషి బతుకు ఏమవుతుందో ఆలోచించండి. ఇంటి నుంచి వెళ్ళిపోయిన కొడుకు ఎక్కడున్నాడో చెప్పమని ఒక తల్లి నా చేతులు పట్టుకుంది. నాకు అలాంటి శక్తి లేదని, పోలీసు స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు గురించి మళ్ళీ అడగమని చెప్పినప్పుడు ఆవిడ నమ్మలేదు. పోస్టర్ మీద మరోలా ఉంది కదా అంది. ఆ పోస్టర్ నేను వేయించలేదు. దాని బరువు మాత్రం ఆవిడ మోసింది.

ఈ విషయంలో మన వృత్తికి మంచి సంప్రదాయం ఉంది. అమెరికా ఇంద్రజాలికుడు హ్యారీ హూడినీ 1920లలో, చనిపోయినవారితో మాట్లాడిస్తామని డబ్బు గుంజేవారి బండారాన్ని ఊరూరా బయటపెట్టాడు, 1926లో అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు సాక్ష్యం కూడా చెప్పాడు. తెలుగువారికి చిరపరిచితులైన బి.వి. పట్టాభిరామ్ గారు ఇంద్రజాలాన్నీ మనస్తత్వశాస్త్రాన్నీ ఒకే చేత్తో నడిపారు. మన బెంగళూరులోనే 1976లో, విశ్వవిద్యాలయ వైస్ చాన్సలర్‌గా ఉన్న హెచ్. నరసింహయ్య గారు, మహిమలను, మూఢనమ్మకాలను పరిశీలించడానికి ఒక కమిటీని ఏర్పాటు చేశారు. అలాంటి నగరంలో టికెట్ల అమ్మకం కోసం మమ్మల్ని బాబాలుగా నిలబెట్టడం సరికాదు.

5. కంపెనీ ప్రదర్శనల్లో ఉద్యోగుల సొంత వివరాల వాడకం. కొన్నిచోట్ల హెచ్‌ఆర్ విభాగంవారే ఉద్యోగుల పెళ్ళిరోజులు, సొంత ఊళ్ళు, పిల్లల పేర్లు, ఒక్కోసారి ఆరోగ్య సమస్యలు కూడా ఒక జాబితాగా మాకు పంపి, వాటిని వేదిక మీద కనిపెట్టినట్టు చెప్పమంటారు. అందరూ ఆశ్చర్యపోతారని వారి ఉద్దేశం. ఉద్యోగం కోసం ఇచ్చిన సమాచారాన్ని సంబంధిత వ్యక్తి అనుమతి లేకుండా వినోదానికి వాడటం, డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2023 స్ఫూర్తికే విరుద్ధం. చట్టాన్ని పక్కన పెట్టినా, పెళ్ళి విడిపోయిన ఒక అమ్మాయిని నూటయాభై మంది ముందు నిలబెట్టి, ఆమె పెళ్ళి తేదీ చెప్పి చప్పట్లు కొట్టించుకునే పని నేను చేయను. ప్రేక్షకుడి ఫోన్ తెరిచే పిన్‌ను కనిపెట్టి బయటికి చెప్పడం ఇప్పుడు చాలా మోజుగా ఉన్న అంశం. అదే ఫోన్‌లో అతడి బ్యాంకు యాప్ ఉంటుంది, చాలామంది రెంటికీ ఒకే అంకెలు వాడతారు. ఆ అంశం చేయక తప్పదంటే, అంకెలు ప్రేక్షకులకు వినపడకుండా చేసి, వెంటనే పిన్ మార్చుకోమని చెప్పాలి. వేదిక మీదికి ఎవరినీ బలవంతంగా తోయకూడదు. పై అధికారి పిలిస్తే కింది ఉద్యోగి కాదనలేడన్న సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు.

6. పిల్లల భద్రత. చేతిలోంచి మంట పుట్టించమని పుట్టినరోజు వేడుకల్లో తరచుగా అడుగుతారు. అందుకు వాడే ఫ్లాష్ పేపర్ నైట్రోసెల్యులోజ్‌తో తయారైనది, క్షణంలో భగ్గుమంటుంది. అదే గదిలో వేదిక చుట్టూ బెలూన్ల తోరణం ఉంటుంది. గాలి నింపిన బెలూన్లతో పెద్ద ప్రమాదం లేదు, హీలియం అంటుకోదు. కానీ చవక అని కొందరు హైడ్రోజన్ నింపి ఇస్తారు, అది నిప్పు తగిలితే మండి పేలుతుంది. బెలూన్లలో ఏ వాయువు ఉందో అడిగితే అలంకరణవారికి తెలియదు, నిర్వాహకులకు తెలియదు. తెలియని చోట నేను అగ్గిపుల్ల కూడా గీయను, దానికి పారితోషికం కోసినా సరే. కుందేళ్ళు, పావురాల విషయం కూడా అంతే. జంతువులపై క్రూరత్వ నిరోధక చట్టం, 1960 కింద ప్రదర్శన జంతువులకు నమోదు తప్పనిసరి. అది లేని కళాకారుణ్ణి టోపీలోంచి కుందేలు తీయమని ఒత్తిడి చేయడం, డీజే శబ్దాల మధ్య ఆ మూగజీవిని పెట్టెలో దాచమనడం, రెండూ తప్పే.

7. పక్క నుంచి వీడియో తీసి, రహస్యం బయటపడేలా రీల్స్‌గా పెట్టడాన్ని మీ ఫొటోగ్రాఫర్లే చేస్తున్నారు. ఒక్క మాట చెబితే ఆగే పని ఇది.

పై కారణాల వల్ల మీ ముందు ఈ కింది కోరికలు ఉంచుతున్నాము. ఇవేవీ గొంతెమ్మ కోరికలు కావు.

ఒకటి: ప్రతి బుకింగ్‌కూ ఒక పేజీ ఒప్పందం ఉండాలి. అందులో కళాకారుడి పేరు, ప్రదర్శన రకం, నిడివి, మొదలయ్యే సమయం, మొత్తం పారితోషికం, చెల్లించే తేదీ, రద్దయితే ఎంత ఇవ్వాలన్నది రాయాలి. వాట్సాప్‌లో పంపినా సరే, ఇరువైపులా ఒప్పుకున్నట్టు ఉంటే చాలు.

రెండు: సగం పారితోషికం తేదీ ఖరారైనప్పుడు ఇవ్వాలి. మిగతా సగం ఇళ్ళలో జరిగే వేడుకలకు ఆ రోజే, కంపెనీ ప్రదర్శనలకు గరిష్ఠంగా 45 రోజుల్లోగా ఇవ్వాలి. టీడీఎస్ మినహాయిస్తే దాని ధ్రువపత్రం ఇవ్వాలి. ప్రదర్శన మొదలయ్యాక, జనం తక్కువన్న కారణంతో ఒక్క రూపాయి కూడా కోయకూడదు.

మూడు: కుదిరిన కళాకారుణ్ణి మార్చవలసి వస్తే కుటుంబానికి ముందుగా తెలపాలి, వారు వద్దంటే డబ్బు తిరిగి ఇవ్వాలి.

నాలుగు: కళాకారుడు పంపిన ఏర్పాట్ల జాబితాను వేదికవారికి, సౌండ్‌వారికి కనీసం మూడు రోజుల ముందు అందించి, కుదరనివి ఏవో అప్పుడే చెప్పాలి.

ఐదు: మెంటలిజం ప్రదర్శనల ప్రచారంలో అతీంద్రియ శక్తులు, జ్యోతిషం, భవిష్యత్తు అన్న మాటలు వాడకూడదు. ‘ఇది వినోద ప్రదర్శన’ అని యాంకర్ ఆరంభంలోనే ప్రకటించాలి.

ఆరు: ఉద్యోగుల వివరాలు వారి ఒప్పుకోలు లేకుండా మాకు పంపకూడదు, మా చేత చెప్పించకూడదు. పిల్లలున్న గదిలో నిప్పుతో చేసే అంశాలు అడగకూడదు.

కుటుంబాలకు కూడా ఒక విన్నపం. డబ్బు కట్టే ముందు, వచ్చే కళాకారుడి పేరు అడగండి, వీలైతే ఐదు నిమిషాలు అతడితోనే మాట్లాడండి. మీ పిల్లల వయసు, హాలు కొలతలు, అతిథుల సంఖ్య చెప్పండి. కళాకారుడికి ఎప్పుడు, ఎంత ముడుతుందో నిర్వాహకుణ్ణి అడిగే హక్కు మీకు ఉంది, అది మీ డబ్బు. కొత్త కళాకారులను కూడా పిలవండి. వారిని వారి పేరుతోనే, వారికి తగిన ప్రదర్శనకే పిలిస్తే వాళ్ళూ పైకి వస్తారు.

ఈ కోరికల్లో ఏవైనా ఆచరణకు కష్టమని మీకు అనిపిస్తే, ఎందుకు కష్టమో రాసి పంపండి; కూర్చుని మాట్లాడుకోవడానికి మీరు చెప్పిన చోటికి, చెప్పిన రోజున వస్తాము. ఉగాది వేడుకల బుకింగులు మొదలయ్యేలోగా రాతపూర్వకమైన జవాబు కోరుతున్నాము. వినతిపత్రం మీద సంతకాలు చేసిన మేమందరం, వచ్చే ఉగాది నుంచి ఒప్పందపత్రం లేని ప్రదర్శనను, అది ఎంత పెద్ద సంస్థ నుంచి వచ్చినా, అంగీకరించబోమని ఇందుమూలంగా తెలియజేస్తున్నాను.

భవదీయుడు,
తోటి కళాకారుల తరఫున ఒక తెలుగు ఇంద్రజాలికుడు,
కృష్ణరాజపురం, బెంగళూరు